కొత్త ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టి విండోస్ 11 మొదటి నుంచి వేసుకోవడం

పెట్టెలోంచి తీసిన ల్యాప్‌టాప్‌లో ఉండేది ఒట్టి విండోస్ కాదు. తయారీ కంపెనీ ఎక్కించిన సొంత యాప్‌లు, గడువు తీరగానే డబ్బులడిగే యాంటీవైరస్, ఎవరూ ఆడని ఆటలు, ఎందుకు నడుస్తున్నాయో తెలియని సర్వీసులు దాంతోపాటే వస్తాయి. ఒక్కొక్కటీ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు పోతాయి, కానీ కొన్ని తోక వదిలిపెట్టి పోతాయి. సెట్టింగ్స్‌లో ఉండే 'రీసెట్ దిస్ పీసీ' కూడా దీనికి మందు కాదు. కంపెనీ తన యాప్‌ల మూటను డిస్క్‌లోనే దాచి ఉంచుతుంది కాబట్టి, రీసెట్ అయ్యాక అవే మళ్లీ ప్రత్యక్షమవుతాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డిస్క్ మొత్తం తుడిచి వేసుకుంటేనే అది నిజంగా క్లీన్ ఇన్‌స్టాల్.

ఇన్‌స్టాల్ నడవడానికి పట్టేది, ఎస్ఎస్‌డీ ఉన్న మిషన్‌లో, అరగంట కూడా కాదు. పని చెడేది అక్కడ కాదు. వైఫై డ్రైవర్ (వైఫై కార్డును విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రామ్) దగ్గర పెట్టుకోకుండా డిస్క్ తుడిచేస్తే, డ్రైవర్ లేదు కాబట్టి నెట్ రాదు, నెట్ లేదు కాబట్టి డ్రైవర్ దిగదు. అందుకే ఈ పనిలో సగానికి పైగా శ్రమ తుడవకముందే పెట్టాలి.

తుడవకముందు చేయాల్సినవి

ముందు ఒకటి రెండు రోజులు కంపెనీ ఇచ్చిన విండోస్‌తోనే వాడండి. కీబోర్డులో ప్రతి కీ, కెమెరా, మైక్, రెండు స్పీకర్లు, అన్ని యూఎస్‌బీ పోర్టులు, వేలిముద్ర సెన్సర్, స్క్రీన్ మీద చచ్చిన పిక్సెళ్లు, ఛార్జింగ్ అన్నీ చూసుకోండి. ఫార్మాట్ కొట్టాక స్పీకర్ మోగకపోతే లోపం డ్రైవర్‌దా, స్పీకర్‌దా అన్నది తేలదు. ముందే చూసుకుంటే ఆ అనుమానం ఉండదు, మార్చి ఇమ్మని అడగడానికి గడువూ మిగిలే ఉంటుంది.

ఇదే అదనులో బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ ఉంటే వేసేయండి. అన్ని డ్రైవర్లూ సరిగా ఉన్న విండోస్‌లోంచి, ఛార్జర్ పెట్టి చేయడమే క్షేమం. బయోస్ అప్‌డేట్ తర్వాత నీలం తెర వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ అడిగితే కంగారు పడొద్దు. మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే ఆ కీ ఆ అకౌంట్‌లో దాచి ఉంటుంది, ఫోన్‌లో అకౌంట్ తెరిచి చూసుకోవచ్చు. ఈ తెర రాకుండా ఉండాలంటే అప్‌డేట్‌కు ముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళం పేరే) ఆపేయండి. ఎలాగూ తుడవబోయే డిస్కే.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ తెరిచి ఎడిషన్ ఏదో చూడండి: హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో. విండోస్‌తో కలిపి అమ్మిన ల్యాప్‌టాప్‌లకు లైసెన్స్ కీ కాగితం మీద ఉండదు. విండోస్ 8 రోజుల నుంచి, అంటే 2012 నుంచి, ఆ కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే రాసి పంపుతున్నారు. సెటప్ దాన్ని తనే చదువుకుని అదే ఎడిషన్ వేస్తుంది. కాబట్టి కీ కోసం వెతకనక్కర్లేదు, కొననక్కర్లేదు. హోమ్ ఉన్న మిషన్‌లో ప్రో వేస్తే మాత్రం యాక్టివేట్ కాదు. డాస్‌తోనో, లినక్స్‌తోనో అమ్మినవాటిలో ఈ కీ ఉండదు, వాటికి లైసెన్స్ విడిగా కొనాల్సిందే.

ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ కూడా ఉచితంగా ఇచ్చి ఉంటే, ఇప్పుడే ఒకసారి వర్డ్ తెరిచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి దాన్ని తగిలించండి. తర్వాత బ్రౌజర్‌లో ఆ అకౌంట్‌లోకి వెళ్లి, సర్వీసుల జాబితాలో ఆఫీస్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. అక్కడ కనిపించాకే తుడవాలి. ఈ హక్కును వాడుకోవడానికి గడువు ఉంటుంది, 'తర్వాత చూద్దాం' అనుకుంటే చేజారుతుంది.

ఇక డ్రైవర్లు. కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ నంబర్ కాదు, సీరియల్ నంబర్ కొట్టండి. ఒకే మోడల్ పేరుతో మూడు రకాల వైఫై కార్డులు పెట్టి అమ్ముతారు. సీరియల్ కొడితే మీ మిషన్‌లో ఉన్న కార్డుకు తగ్గ ఫైళ్లే వస్తాయి. నంబర్ ల్యాప్‌టాప్ అడుగున ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పేజీలో 30 ఫైళ్లు కనిపించినా ముందుగా దించుకోవాల్సినవి నాలుగే: వైఫై, చిప్‌సెట్, స్టోరేజ్ (ఇంటెల్ మిషన్‌లలో దీని పేరు ర్యాపిడ్ స్టోరేజ్), టచ్‌ప్యాడ్ లేదా సీరియల్ ఐఓ (టచ్‌ప్యాడ్ లాంటివాటిని ప్రాసెసర్‌తో కలిపే డ్రైవర్).

ఇంతకంటే బలమైన ఉపాయం ఇంకోటి ఉంది. సీ డ్రైవ్‌లో విండోస్, దాంట్లో సిస్టమ్32, దాంట్లో డ్రైవర్‌స్టోర్, దాంట్లో ఫైల్‌రిపోజిటరీ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ మిషన్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ప్రతి డ్రైవరూ విప్పిన రూపంలో అందులోనే ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తం ఇంకో పెన్‌డ్రైవ్‌లోకో, బయటి హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. కొన్ని జీబీలు ఉంటుంది, కాపీకి కాస్త సమయం పడుతుంది, కానీ తర్వాత ఏ పరికరం మొండికేసినా మందు దీంట్లోనే దొరుకుతుంది.

చివరిగా, కంపెనీ రికవరీ ఇమేజ్, అంటే ఫ్యాక్టరీలో ఉన్నట్టే విండోస్‌నీ యాప్‌లనీ తిరిగి వేసే మూట. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ సైట్లలో సీరియల్ నంబర్ ఆధారంగా దించుకునే వీలు ఇస్తాయి. మీ మోడల్‌కి అది దొరుకుతుందో లేదో ఇప్పుడే చూసుకుంటే, రేపు ల్యాప్‌టాప్ అమ్మాలన్నా, సర్వీసుకి ఇవ్వాలన్నా మొదటి స్థితికి తేవచ్చు.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ చాలు, 16 జీబీ ఉంటే డ్రైవర్లకీ చోటు ఉంటుంది. అందులో ఉన్నదంతా పోతుంది. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 'యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్' ఎంచుకుంటే మిగతా పని అదే చేస్తుంది. మరెక్కడో దొరికే 'లైట్' విండోస్‌ల జోలికి పోకండి. అందులో ఏం తీసేశారో, ఏం కలిపారో చెప్పేవాళ్లు ఉండరు. విండోస్ 10 వేద్దామనే ఆలోచనా వద్దు, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

టూల్ పని ముగించాక పెన్‌డ్రైవ్ పేరు ఈఎస్‌డీ-యూఎస్‌బీ అని మారుతుంది. 64 జీబీది పెడితే 32 జీబీగానే కనిపిస్తుంది. పాడవలేదు. దాన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయడం వల్ల అలా కనిపిస్తుంది, తర్వాత మళ్లీ పూర్తిగా ఫార్మాట్ చేసుకోవచ్చు. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఐఎస్ఓ ఫైలు (విండోస్ సెటప్ మొత్తం ఒకే ఫైలుగా) దించి, లోపలున్నవన్నీ చేత్తో పెన్‌డ్రైవ్‌లోకి లాగేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. ఐఎస్ఓలో ఉండే ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైలు 4 జీబీ కన్నా పెద్దది. టూల్ అదే సరుకును ఇంకా కుదించి పెడుతుంది కాబట్టి దానికి ఆ చిక్కు లేదు.

రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ రెండో దారి. ఐఎస్ఓ ఇచ్చి 'స్టార్ట్' కొడితే కొన్ని టిక్ పెట్టెలు చూపిస్తుంది: మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి అన్న నిబంధన తీసేయడం, మీరు చెప్పిన పేరుతో లోకల్ అకౌంట్ (ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉండేది) సృష్టించడం, బిట్‌లాకర్ తనంతట తాను ఆన్ కాకుండా ఆపడం. ఈ మూడింట్లో ఏదైనా కావాలంటే రూఫస్, లేదంటే మీడియా క్రియేషన్ టూల్. టీపీఎమ్ (కీలను దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకం లేని ప్రోగ్రామ్‌తో మిషన్ లేవకుండా ఆపేది) తనిఖీలు తప్పించే పెట్టె కూడా అక్కడే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌కి దాని అవసరం లేదు, టిక్ పెట్టకండి.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇదంతా కుదరదు. దానికి ఆర్మ్‌64 ఐఎస్ఓ వేరే ఉంటుంది, డ్రైవర్లు కూడా కంపెనీ ఇచ్చినవే దిక్కు. అలాంటి మిషన్‌లో అనవసరమైన యాప్‌లు తీసేసి ఊరుకోవడమే తెలివైన పని.

పెన్‌డ్రైవ్ సిద్ధమయ్యాక, దించుకున్న నాలుగు డ్రైవర్లనూ అందులోనే 'డ్రైవర్లు' అని ఫోల్డర్ పెట్టి వేయండి. స్టోరేజ్, వైఫై డ్రైవర్లు మాత్రం సెటప్ ఫైళ్లుగా కాకుండా విప్పిన రూపంలో ఉండాలి. ఎందుకో, ఎలా విప్పాలో కింద చెప్పాం.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం

బూట్ మెనూ కోసం నొక్కాల్సిన కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కి ఎస్కేప్, ఎమ్‌ఎస్‌ఐకి ఎఫ్11. ఏసర్‌కీ ఎఫ్12యే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూని ఎనేబుల్ చేయాలి. కీలతో కుస్తీ ఎందుకనుకుంటే విండోస్‌లోంచే వెళ్లే దారి ఉంది. షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, వచ్చిన నీలం తెరలో 'యూజ్ ఎ డివైస్' ఎంచుకుని పెన్‌డ్రైవ్ పేరు మీద నొక్కండి. కొత్త ల్యాప్‌టాప్‌కి ఇదే సులువు.

బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే ముందు యూఈఎఫ్ఐ (బయోస్ కొత్త పద్ధతి) అని రాసి ఉన్నదే ఎంచుకోండి. రెండోదాంతో వెళితే 'ఈ డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది, ఇక్కడ విండోస్ వేయలేం' అన్న అర్థంలో సెటప్ అడ్డం తిరుగుతుంది. అప్పుడు డిస్క్‌ని మార్చడం కాదు, వెనక్కి వచ్చి యూఈఎఫ్ఐతో మళ్లీ బూట్ చేయడమే మందు. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉండనివ్వండి. 'ఈ పీసీలో విండోస్ 11 నడవదు' అని వస్తే బయోస్‌లో టీపీఎమ్ ఆఫ్ అయి ఉందని అనుమానించాలి. ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎమ్.

ఒక యూఎస్‌బీ మౌస్ తగిలించి కూర్చోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ ఐ2సీ అనే దారిలో కలిపి ఉంటుంది, దాని డ్రైవర్ సెటప్‌లో లేకపోతే తెర మీద బాణం గుర్తు కదలదు. మౌస్ లేకపోతే ట్యాబ్, స్పేస్, ఎంటర్ కీలతో నెట్టుకురావాలి.

డిస్క్ కనిపించకపోతే

భాష, కీబోర్డు తెరలు దాటాక 'ఇన్‌స్టాల్ విండోస్ 11' ఎంచుకుని, అంతా చెరిగిపోతుందన్న పెట్టెలో టిక్ పెట్టి ముందుకెళ్తారు. ప్రొడక్ట్ కీ అడిగితే 'ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ' నొక్కండి. ఎడిషన్ల జాబితా వస్తే మీరు ముందు చూసిపెట్టుకున్నదే ఎంచుకోండి. తర్వాత డిస్క్‌లు చూపించే తెర వస్తుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో అక్కడ చాలాసార్లు ఖాళీ కనిపిస్తుంది, లేదా పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తుంది.

ఎస్ఎస్‌డీకి ఏమీ కాలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా కంపెనీలు వీఎమ్‌డీ అనే ఏర్పాటును బయోస్‌లో ఆన్ చేసి పంపుతున్నాయి. అప్పుడు ఎస్ఎస్‌డీ నేరుగా విండోస్‌కి కనబడదు, మధ్యలో ఇంటెల్ కంట్రోలర్ ఉంటుంది. ఆ కంట్రోలర్ డ్రైవర్ సెటప్‌లో లేకపోతే దాని వెనకున్న డిస్క్ ఉన్నా లేనట్టే.

దీనికి దారులు రెండు. మొదటిది, 'లోడ్ డ్రైవర్' నొక్కి డ్రైవర్ చూపించడం. సెటప్‌కి కావాల్సింది ఐఎన్ఎఫ్ (డ్రైవర్ వివరాలు రాసి ఉండే) ఫైలు. దించుకున్న ఈఎక్స్ఈ (నడిపే సెటప్ ఫైలు) చూపిస్తే ఏమీ దొరకలేదంటుంది. డెల్, లెనోవో ఇచ్చే ఫైళ్లను నడిపితే 'ఎక్స్‌ట్రాక్ట్' అనే ఎంపిక ఉంటుంది, ఇన్‌స్టాల్ చేయకుండా విప్పి పెడుతుంది. హెచ్‌పీవి సీ డ్రైవ్‌లో ఎస్‌డబ్ల్యూసెటప్ అనే ఫోల్డర్‌లోకి విప్పుకుంటాయి. ముందు చెప్పిన డ్రైవర్‌స్టోర్ కాపీ మీ దగ్గరుంటే ఇంకా సులువు: అందులో 'ఐఏస్టోర్‌వీడీ' అని పేరు మొదలయ్యే ఫోల్డర్ చూపిస్తే చాలు. డ్రైవర్ దొరికాక తెర మీద 'ఇంటెల్ ఆర్ఎస్‌టీ వీఎమ్‌డీ కంట్రోలర్' అని, పక్కన ఒక కోడ్‌తో వరస కనిపిస్తుంది. 11వ తరానికి 9ఏ0బీ, 12వ తరానికి ఎక్కువగా 467ఎఫ్. దాన్ని ఎంచుకుని 'ఇన్‌స్టాల్' కొడితే కొన్ని సెకన్లలో డిస్క్ జాబితాలోకి వస్తుంది.

రెండో దారి, బయోస్‌లో వీఎమ్‌డీ ఆపేయడం. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉండి, రెయిడ్ (డిస్క్‌లను జోడించి వాడటం) లాంటివేవీ వాడని ల్యాప్‌టాప్‌లో దీనివల్ల పోయేదేమీ లేదు. విండోస్ తన సొంత ఎన్‌వీఎమ్‌ఈ (ఇప్పటి ఎస్ఎస్‌డీల) డ్రైవర్‌తోనే నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఏది చేసినా ఇన్‌స్టాల్‌కి ముందే చేయాలి. విండోస్ వేసుకున్నాక ఎప్పుడో బయోస్‌లోకి వెళ్లి ఆ స్విచ్ అటు ఇటు మారిస్తే, తర్వాతి బూట్‌లోనే 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం తెర పడుతుంది. స్విచ్ మళ్లీ మొదటిలా పెడితే లేస్తుంది. కొన్ని మోడళ్లలో కంపెనీ ఆ ఎంపికను బయోస్‌లో దాచేసి ఉంచుతుంది, అప్పుడు మొదటి దారే గతి.

ఏఎండీ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌లలో వీఎమ్‌డీ బెడద ఉండదు. అక్కడా డిస్క్ కనబడకపోతే, లేదా 'మీడియా డ్రైవర్ మిస్సింగ్' అని మొదట్లోనే ఆగిపోతే, ముందు పెన్‌డ్రైవ్‌ని వేరే పోర్టుకి మార్చండి. తర్వాత వేరే పెన్‌డ్రైవ్‌తో మళ్లీ తయారుచేయండి. ఎక్కువసార్లు దోషం అక్కడే.

పార్టిషన్లు

ఫ్యాక్టరీ డిస్క్‌లో నాలుగైదు పార్టిషన్లు (డిస్క్‌లో విడదీసిన ముక్కలు) కనిపిస్తాయి. డిస్క్ 0 అన్నది మీ ఎస్ఎస్‌డీయేనా, సైజు సరిపోతోందా చూసుకోండి. 512 జీబీది సుమారు 476 జీబీగా చూపిస్తుంది, లెక్క తేడా అంతే. తర్వాత దాంట్లోని పార్టిషన్లు ఒక్కొక్కటీ ఎంచుకుని 'డిలీట్' కొట్టండి. పెన్‌డ్రైవ్‌వి ముట్టుకోకండి. అన్నీ పోయి 'అన్‌అలొకేటెడ్ స్పేస్' అన్న ఒక్క వరస మిగలాలి. దాన్నే ఎంచుకుని 'నెక్స్ట్' నొక్కండి. 'ఫార్మాట్' కొట్టక్కర్లేదు, 'క్రియేట్' చేయక్కర్లేదు. బూట్‌కి కావాల్సిన ఈఎఫ్ఐ పార్టిషన్, 16 ఎంబీల ఎమ్‌ఎస్‌ఆర్ (విండోస్ తన కోసం ఉంచుకునే చోటు), సీ డ్రైవ్, చివర్లో రికవరీ పార్టిషన్ అన్నీ సెటప్ తనే కోసుకుంటుంది.

సీ, డీ, ఈ అని ముక్కలు చేయడం మనవాళ్లకి ఒక అలవాటు. హార్డ్ డిస్క్ రోజుల్లో దానికో అర్థం ఉండేది. ఇప్పుడు ఎస్ఎస్‌డీ చచ్చిపోతే సీతోపాటు డీ కూడా పోతుంది, కాబట్టి డీ డ్రైవ్‌లో పెట్టిన ఫొటోలు భద్రమన్న నమ్మకం ఒట్టిదే. డీ వల్ల మిగిలే లాభం ఒక్కటే: మళ్లీ విండోస్ వేసుకున్నప్పుడు ఫైళ్లు కదపనక్కర్లేదు. 256 జీబీ డిస్క్‌ని ముక్కలు చేస్తే సీ నిండిపోయి డీ ఖాళీగా ఉండే రోజు తొందర్లోనే వస్తుంది, అస్సలు వద్దు. 512 జీబీ పైన ఉండి, తప్పదనుకుంటే సీకి కనీసం 200 జీబీ ఉంచండి. అదీ సెటప్‌లో కాదు, విండోస్ వచ్చాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ష్రింక్ వాల్యూమ్' చేసి.

రెండు ఎస్ఎస్‌డీలు ఉన్న మిషన్‌లో ఒక్కోసారి బూట్ ఫైళ్లు ఒకదాని మీద, విండోస్ ఇంకోదాని మీద పడతాయి. రెండోది తీసేసిన రోజు ల్యాప్‌టాప్ లేవదు. ఇన్‌స్టాల్ అయ్యేదాకా రెండోదాన్ని బయోస్‌లో ఆఫ్ చేసే వీలుంటే చేయండి.

ఫైళ్ల కాపీ అయ్యాక ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు మళ్లీ భాష అడిగే మొదటి తెరే వచ్చిందంటే పెన్‌డ్రైవ్ నుంచే మళ్లీ బూట్ అయిందన్నమాట. పెన్‌డ్రైవ్ పీకేసి రీస్టార్ట్ చేయండి, ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది.

నెట్ అడిగే తెర

దేశం, కీబోర్డు ఎంచుకున్నాక నెట్‌వర్క్ తెర వస్తుంది. వైఫై డ్రైవర్ లేకపోతే జాబితా ఖాళీ, 'నెక్స్ట్' మీట నొక్కుడుపడదు, దాటేసే దారీ ఉండదు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి అదే తెరలో 'ఇన్‌స్టాల్ డ్రైవర్' అనే మీట వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టిన వైఫై ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది. అది కుదరకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. విండోస్ దాన్ని మామూలు ల్యాన్ తీగలాగే చూస్తుంది, డ్రైవర్ ఏదీ అడగదు. ఐఫోన్‌తో ఇంత సాఫీగా కాదు, దానికి వేరే డ్రైవర్ కావాలి.

నెట్ లేకుండా దాటే పాత చిట్కాలు వీడియోల్లో బోలెడు కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ వాటిని వెర్షన్‌కొకటి చొప్పున మూసేస్తూ వస్తోంది. లోకల్ అకౌంటే కావాలనుకుంటే రూఫస్‌లో ఆ పెట్టె టిక్ చేసి తెచ్చుకోండి, ఈ తెర వచ్చినప్పుడు నెట్ కలపకుండా ఉండండి.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. సీ డ్రైవ్‌లో మీ ఫోల్డర్ పేరు ఈమెయిల్‌లోని మొదటి అయిదు అక్షరాలతో పడుతుంది, తర్వాత దాన్ని మార్చడం పెద్ద తలనొప్పి. లోకల్ అకౌంట్‌లో పేరు మీ ఇష్టం. అయితే ఆ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా పెట్టండి. తెలుగులో పెడితే కొన్ని పాత ప్రోగ్రాములు ఆ దారిని చదవలేక తన్నేస్తాయి. రెండోది, 24హెచ్2 నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో ఆ అకౌంట్‌తో లాగిన్ కాగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. ల్యాప్‌టాప్ పోతే డేటా ఎవరి చేతికీ చిక్కదు కాబట్టి అది మంచిదే. కానీ రికవరీ కీ ఆ అకౌంట్‌లో పడిందో లేదో చూసుకుని, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. అకౌంట్ పాస్‌వర్డూ మర్చిపోయి, కీ కూడా లేకపోతే ఆ డిస్క్‌ని ఎవరూ తెరవలేరు.

పాత పీసీ నుంచి రిస్టోర్ చేయమంటారా అని అడిగితే కొత్త పీసీగానే సెటప్ చేయమనండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ తెర వస్తే ఆలోచించి నొక్కండి. ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందికి మారతాయి, ఉచితంగా ఇచ్చే 5 జీబీ చూస్తుండగానే నిండుతుంది. ప్రైవసీ స్విచ్‌లలో 'ఫైండ్ మై డివైస్' తప్ప మిగతావి ఆపేసినా ఇబ్బంది లేదు.

డ్రైవర్లు

డెస్క్‌టాప్ రాగానే ఏమీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు విండోస్ అప్‌డేట్ తెరిచి నడవనివ్వండి. అదే గ్రాఫిక్స్, ఆడియో, బ్లూటూత్ డ్రైవర్లను వెనకాల దించుతూ ఉంటుంది. మధ్యలో తెర ఒకటి రెండుసార్లు నల్లబడి వస్తుంది, అది గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కుతున్న గుర్తు. ఆ సమయంలో మీరూ ఇంకో గ్రాఫిక్స్ సెటప్ నడిపితే రెండూ కొట్టుకుని ఏదో ఒకటి సగంలో ఆగుతుంది. రీస్టార్ట్ చేసి, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో 'ఆప్షనల్ అప్‌డేట్స్' కింద డ్రైవర్లు ఏమైనా ఉంటే అవీ వేసి, ఇంకేమీ లేదనేదాకా ఇలా రెండు మూడు చుట్లు తిరగండి.

అప్పుడు డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తు లేకపోతే సగం పని అయినట్టే. ఉంటే దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. 'వీఈఎన్' తర్వాత ఉండే నాలుగు అక్షరాలు ఆ పరికరం ఎవరిదో చెబుతాయి: 8086 ఇంటెల్, 1022 లేదా 1002 ఏఎండీ, 10డీఈ ఎన్విడియా, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్. ఇక ఏ ఫైలు వేయాలో తెలిసిపోతుంది. తెలియకపోతే 'అప్‌డేట్ డ్రైవర్', 'బ్రౌజ్ మై కంప్యూటర్' నొక్కి, ముందు కాపీ చేసుకున్న డ్రైవర్‌స్టోర్ ఫోల్డర్ చూపించి, సబ్‌ఫోల్డర్లు కూడా వెతకమన్న పెట్టెలో టిక్ పెట్టండి. సరైనదాన్ని విండోసే ఏరుకుంటుంది.

చేత్తో వేయాల్సి వస్తే వరస ఇది: చిప్‌సెట్, సీరియల్ ఐఓ, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, ఆ తర్వాతే ఎన్విడియా లాంటి విడి గ్రాఫిక్స్, చివర్లో ఆడియో, వేలిముద్ర. 'డ్రైవర్ అప్‌డేటర్' పేరుతో దొరికే ప్రోగ్రాములు అక్కర్లేదు. మీరు తుడిచేసిన చెత్తలో అలాంటిదే ఒకటి ఉండి ఉంటుంది.

పసుపు గుర్తు లేకపోయినా ఆడియో విషయంలో ఒకసారి చెవి పెట్టి వినండి. పాట మోగుతుంది, కానీ రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచగా ఉంటుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లు చిన్నవి, వాటికి తగినట్టు చేసిన సర్దుబాటు కంపెనీ ఆడియో ప్యాకేజీలోనే ఉంటుంది. మామూలు డ్రైవర్‌లో అది ఉండదు. సపోర్ట్ పేజీలోని ఆడియో ఫైలు వేస్తే గొంతు తిరిగొస్తుంది.

కంపెనీ యాప్‌లలో ఉంచుకోవాల్సినవి

అంతా తుడిచి, అప్పుడే డెస్క్‌టాప్ చూస్తుండగా కింద మూల నుంచి కంపెనీ యాప్ 'నన్ను ఇన్‌స్టాల్ చేయండి' అని పలకరించవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఏదో దూరిందని అనుకోవద్దు. ఫర్మ్‌వేర్‌లో డబ్ల్యూపీబీటీ అనే పట్టిక ఉంటుంది, అందులో కంపెనీ ఒక చిన్న ప్రోగ్రామ్ పెడితే విండోస్ బూట్ అయ్యేటప్పుడు దాన్ని తీసుకుని నడుపుతుంది. డిస్క్ ఎన్నిసార్లు తుడిచినా అది పోదు. ఆసుస్ మిషన్‌లలో బయోస్‌లోనే దాన్ని ఆపే స్విచ్ ఉంటుంది.

అయితే కంపెనీ యాప్‌లన్నీ చెత్త కావు. బ్యాటరీ 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు లెనోవోలో వాంటేజ్‌లో, ఆసుస్‌లో మైఆసుస్‌లో ఉంటుంది. ఎప్పుడూ ఛార్జర్ పెట్టే వాడేవాళ్లకి బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే అది ఉండాల్సిందే. ఫ్యాన్ మోడ్‌లు, కొన్ని ఫంక్షన్ కీలు కూడా వీటి సర్వీసుల మీదే ఆధారపడతాయి. ఆ ఒక్క యాప్ మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకుని మిగతావి వదిలేయండి. యాంటీవైరస్‌కి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు.

తెలుగు టైపింగ్‌కి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ఇన్‌స్క్రిప్ట్ గానీ ఫొనెటిక్ గానీ ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. తెర మీద తెలుగు నిర్మల యూఐ ఫాంట్‌తో కనిపిస్తుంది. పాత ఫైళ్లలో గౌతమి ఫాంట్ వాడి ఉంటే అది ఇప్పుడు విండోస్‌తో నేరుగా రాదు, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకోవాలి.

చివరి పరీక్ష

యాక్టివేషన్ పేజీలో 'డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది' అని ఉందా చూడండి. నెట్ కలిపిన కాసేపటికి రాకపోతే దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే, ఎడిషన్ తప్పు పడటం. రాత్రి పడుకునే ముందు బ్యాటరీ శాతం చూసుకుని, ఛార్జర్ తీసేసి, మూత మూసి బ్యాగులో కాకుండా బల్ల మీద పెట్టండి. పొద్దున తెరిచేసరికి కొద్దిపాటి ఛార్జ్ తగ్గడం మామూలే. సగం ఖాళీ అయి అడుగు వెచ్చగా ఉందంటే మిషన్ నిద్రపోలేదని అర్థం. అప్పుడు విండోస్ అప్‌డేట్ ఇచ్చిన చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్ల మీదే కంపెనీ సపోర్ట్ పేజీలోవి వేసి, మర్నాడు రాత్రి మళ్లీ మూత మూసి చూడండి.